వ్యాగన్ లోపలి సామాను: ఏది వెతకాలి, ఏది చేయించుకోవాలి

ప్రశ్న: మా ఇంట్లో 1973లో రిజిస్టరైన ఫియట్ 1100 డిలైట్ స్టేషన్ వ్యాగన్ ఉంది. ఇంజిన్ పని, టింకరింగ్ అయిపోయినయ్. పెయింట్ కూడా పడ్డది. లోపలే ఏమీ సరిగ్గా లేదు. నాలుగు డోర్ ప్యాడ్లూ (డోర్ లోపలి వైపు కప్పే అట్టలు) తడిసి ఉబ్బినయ్. రూఫ్ లైనింగ్ పీలికలైంది. సామాన్లు పెట్టే జాగలో ఎడమ ప్యానెల్ పోయింది, కుడిది సగం మిగిలింది. డిక్కీ డోర్ ప్యాడ్ అసలే లేదు. హైదరాబాద్‌లో అడిగితే "వ్యాగన్‌వి దొరకవు, కొత్త మోడల్‌వి సెట్ చేస్తం" అంటున్నరు. ముంబైలో ఒకాయన స్క్రాప్ పద్మిని బండి మొత్తంగా ఇస్తనంటున్నడు. తీసుకోమంటారా? లోపల కొత్తవి వేయిస్తే వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు ఏమైనా అడ్డమా? – హన్మకొండ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ముందు ఒక్క మాట. ఉబ్బిన ఆ డోర్ ప్యాడ్లు, సగం మిగిలిన ఆ కుడి ప్యానెల్, పీలికలైన లైనింగ్ ఇంకా ఇంట్లోనే ఉన్నాయా? ఉంటే తాళం వేసి దాచండి. కుషన్ వర్క్స్ వాళ్లకు బండి అప్పగించిన రోజే పాతదంతా పీకి చెత్తలో పడేయడం మామూలుగా జరిగేదే. మీ బండికి ఆ చెత్తే కొలత. దుకాణంలో దొరకని ప్రతి ముక్కనూ దాన్ని చూసే చేయాలి.

మీ బండిని ముందు, వెనుక డోర్ల మధ్యనున్న నిలువు స్తంభం (బీ పిల్లర్) దగ్గర గీత గీసి రెండుగా అనుకోండి. గీతకు ముందున్నదంతా సెడాన్ సామానే. 1964లో వచ్చిన 1100డీ బాడీనే 1974 నుంచి పద్మిని పేరుతో 2000 ప్రాంతం దాకా నడిచింది కాబట్టి ముందు డోర్ ప్యాడ్లు, అద్దం తిప్పే హ్యాండిళ్లు, లోపలి డోర్ హ్యాండిళ్లు, సన్ వైజర్లు, లోపలి అద్దం, ముందు సీటు ఫ్రేము ఇప్పటికీ దొరుకుతాయి. వీటి కోసం తిరగొచ్చు. గీత వెనుక కథ వేరు. వెనుక డోర్ ప్యాడ్లు మాత్రం చాలావరకు సెడాన్‌వే సరిపోతాయి, ఎందుకంటే ప్యాడ్ అద్దం కింది భాగాన్నే కప్పుతుంది. అయినా పై అంచు కొలిచి చూశాకే కొనండి. సామాన్ల జాగ సైడ్ ప్యానెళ్లు, వీల్ ఆర్చ్ కవర్లు, డిక్కీ డోర్ ప్యాడ్, పొడుగు రూఫ్ లైనింగ్, మడిచే వెనుక సీటు వీపు కోసం దుకాణాల చుట్టూ తిరగకండి. వ్యాగన్లు తక్కువగానే తయారయ్యాయి, వాటి వెనుక భాగం చేతిపనితో కట్టింది. ఇంకో వ్యాగన్ నుంచి ప్యానెల్ దొరికినా మీ బండిలో సూతు (ఇంచులో ఎనిమిదో వంతు) అటో ఇటో తేడా రాక మానదు. ఇవి చేయించుకోవాల్సినవే. హైదరాబాద్ దుకాణం వాళ్లు "దొరకవు" అన్నది నిజమే. "కొత్త మోడల్‌వి సెట్ చేస్తం" అన్నది మాత్రం వినకండి. ఆ సెట్టింగ్ కోసం లోపలి రేకుకు కొత్త రంధ్రాలు పడతాయి. కొత్త పెయింట్ పడ్డ బండిలో ఆ రంధ్రాల దగ్గరే తుప్పు మొదలవుతుంది.

స్క్రాప్ పద్మిని సంగతి. ఒక్క లోపలి సామాను కోసమైతే వద్దు. ముంబైలో నలుపు పసుపు పద్మిని టాక్సీలు 2023 అక్టోబర్ 30 నుంచి రోడ్డు మీద లేవు. అందుకని ఆ సామాను కుర్లా సీఎస్‌టీ రోడ్డు వైపు ఇంకా కనబడుతుంది. కానీ టాక్సీల లోపలంతా పూల డిజైన్ల గుడ్డ, మెరిసే రెగ్జిన్‌తో ఎన్నోసార్లు మార్చిందే. అసలు డోర్ ప్యాడ్ వాటిలో దొరకడం అదృష్టం. టాక్సీ నుంచి మీకు పనికొచ్చేవి ఇనుప, అల్యూమినియం వస్తువులే: గ్లాస్ మిషన్ (అద్దాన్ని ఎక్కించి దించేది), హ్యాండిళ్లు, సీటు ఫ్రేము, కింద గడప పట్టీలు. వాటిని విడిగా బిల్లు మీద కొనండి. కాగితాలు లేని బండిని మొత్తంగా కొంటే ఆ ఛాసిస్ నంబర్ వెనుక ఏ కేసు ఉందో మీకు తెలియదు.

వెతికేటప్పుడు రెండు మోసాలు జరుగుతాయి, అమ్మేవాళ్లకు తెలిసీ తెలియకా. ఒకటి, 'డుక్కర్ ఫియట్' అని పిలిచే 1964కు ముందరి బండ్ల ముందు డోర్లకు కీలు వెనుక వైపు ఉంటుంది. ఆ ప్యాడ్‌లో హ్యాండిల్ రంధ్రాలు ముందు వెనుకలుగా మారి వస్తాయి, మీ డోర్‌కు కుదరవు. రెండు, చివరి కాలం పద్మినిలలో గేర్ స్టీరింగ్ దగ్గర నుంచి నేల మీదికి, సీట్లు విడివిడిగా మారాయి. ఆ సీట్లు, వాటి పట్టాలు మీ పొడుగు సీటు ఉన్న జాగలో సరిగ్గా కూర్చోవు. అందుకే ఫోటో చూసి డబ్బు పంపొద్దు. ప్యాడ్ మీద టేపు పరిచి, వైండింగ్ హ్యాండిల్ రంధ్రం మధ్య నుంచి డోర్ హ్యాండిల్ రంధ్రం మధ్య వరకు ఎంతుందో వీడియోలో చూపించమనండి. మీ డోర్ మీద అదే కొలత ఉంటేనే అడ్వాన్స్.

హైదరాబాద్‌లో గోషామహల్ పాత సామాన్లకు, సికింద్రాబాద్ రాణీగంజ్ కొత్త రబ్బర్లకు, బీడింగ్‌లకు (డోర్ల చుట్టూ వేసే పట్టీలు). చెన్నైలో పుదుపేట, ఢిల్లీలో మాయాపురి, కశ్మీరీ గేట్ ఉన్నా, ఫియట్‌కు ముంబై తర్వాతే ఏదైనా. ప్యాడ్ల లాంటి వెడల్పు సామాన్లను రెండు ప్లై ముక్కల మధ్య పెట్టి కట్టి పంపమనండి. అట్టపెట్టెలో వేస్తే కాజీపేట స్టేషన్‌లో దిగేసరికి మూలలు విరిగి ఉంటాయి.

ఇక చేయించే పని. మొదలుపెట్టే ముందు బండి మీద పావుగంట పైపుతో నీళ్లు కొట్టించి లోపల ఒకరు టార్చ్ పట్టుకుని కూర్చోవాలి. డోర్ ప్యాడ్లు ఉబ్బడానికి రెగ్జిన్ పాతబడటం కారణం కాదు. అద్దం పక్కనున్న రబ్బరు గట్టిపడి నీరు డోర్ లోపలికి దిగుతుంది. అది దిగడం మామూలే, డోర్ అడుగున రంధ్రాలు పెట్టింది అందుకే. కానీ పెయింటింగ్‌లో ఆ రంధ్రాలు పుట్టీతో, పెయింట్‌తో మూసుకుపోతాయి. ప్యాడ్ వెనుక ఉండాల్సిన ప్లాస్టిక్ కాగితాన్ని ఏ మెకానిక్కో గ్లాస్ మిషన్ బాగు చేసేటప్పుడు చించి పారేస్తాడు. నీళ్లు నేరుగా అట్టకు తగులుతాయి. మీరు పుల్లతో రంధ్రాలు తెరిచి, 200 మైక్రాన్ల పాలిథిన్ షీటు డోర్ అంతా కప్పేలా అంటించి, దాని కింది అంచును డోర్ లోపలి గాడిలోకి దోపండి. కింది అంచు బయటికి వేలాడితే షీటు వేసినా లాభం లేదు, నీళ్లు మళ్లీ ప్యాడ్ మీదికే కారుతాయి.

హ్యాండిల్ ఊడదీసేటప్పుడు బలవంతం చేయకండి. దాని వెనుకనున్న గుండ్రటి బిళ్లను లోపలికి నొక్కిపట్టండి. మెడలో అడ్డంగా దూర్చిన పిన్ కనబడుతుంది. సన్న పంచ్‌తో నెమ్మదిగా కొడితే బయటికొస్తుంది. ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో గుర్తుపెట్టుకోండి. స్క్రూడ్రైవర్ పెట్టి లాగితే పోత లోహం హ్యాండిల్ మెడ దగ్గర విరుగుతుంది, దానికి వెల్డింగ్ కూడా పట్టదు.

బోర్డు విషయంలో ఒక్క నియమం: ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసే బోర్డు) వద్దు. చవక, కోయడం సులువు, అందుకే అందరూ అదే వేస్తారు. ఒక్క వానాకాలంలో అంచులు పువ్వులా విచ్చుకుంటాయి. డోర్లకు 3 ఎంఎం హార్డ్‌బోర్డు అసలుకు దగ్గర. సైడ్ ప్యానెళ్లకు, డిక్కీ డోర్‌కు 4 ఎంఎం మెరైన్ ప్లై తీసుకోండి, షీటు మీద మెరైన్ ప్లై ప్రమాణమైన ఐఎస్ 710 ముద్ర చూసి. లెక్క వేస్తే 8×4 అడుగుల షీటు ఒక్కటే సరిపోతుంది అనిపిస్తుంది. కానీ వంగాల్సిన దిశ చూసుకుని ముక్కలు తిప్పి కోయాలి, ఒక్క ముక్కన్నా చెడుతుంది. రెండు కొనండి. కోసిన ప్రతి ముక్క అంచులకూ, వెనుక వైపుకూ రెండు కోట్లు వార్నిష్ పట్టించి ఆరాకే రెగ్జిన్ వేయాలి.

పాత ప్యాడ్‌ను కొత్త బోర్డు మీద పెట్టి గీసుకోండి, అయితే కింది అంచును నమ్మకండి. అది ఉబ్బి సాగి ఉంటుంది. ఆ కొలత డోర్ మీదనే తీయాలి. క్లిప్పు రంధ్రాలకు సులువైన దారి ఉంది: డోర్ రేకులోని ప్రతి రంధ్రంలో క్లిప్పు పెట్టి, దాని తల మీద కొద్దిగా పెయింట్ అద్ది, బోర్డును సరైన చోట ఒక్కసారి నొక్కండి. చుక్కలు పడతాయి. అక్కడే రంధ్రం. క్లిప్పులు కొనేముందు రేకు రంధ్రంలో డ్రిల్ బిట్ల వెనుక కాడలు ఒక్కొక్కటి దూర్చి సైజు చూసుకోండి. వదులుగా ఉండే క్లిప్పు పెట్టి జిగురు పూసే పని చాలా చోట్ల జరుగుతుంది. తర్వాత గ్లాస్ మిషన్ చెడితే ప్యాడ్ చించకుండా తీయలేరు.

సామాన్ల జాగ ప్యానెళ్లే అసలు కష్టం. కుడివైపు సగం ఉంది కదా, దాన్ని తిప్పి ఎడమకు వేద్దామని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. చేతిపని బాడీలో ఎడమ, కుడి ఒకేలా ఉండవు. ప్రతి పక్కకూ విడిగా అట్టతో నమూనా తీయాలి. ఫ్రిజ్ డబ్బా అట్ట బాగుంటుంది. పెద్ద ముక్కను జాగ కన్నా రెండు ఇంచులు తక్కువగా కోసి లోపల నిలబెట్టి, అంచుల చుట్టూ చిన్న చిన్న అట్ట ముక్కలను బాడీకి ఆనించి టేపుతో అతికించుకుంటూ వెళ్తే అసలు ఆకారం దానంతట అదే వస్తుంది. కిటికీ కింది అంచు, చక్రం మీది వంపు, నేల, ఈ మూడు చోట్లా నమూనా ఆనాలి. రెగ్జిన్ మడత బోర్డు వెనక్కి తిరుగుతుంది, దాని మందం కోసం చుట్టూ 2 ఎంఎం సందు వదలండి. ఇది మరిచిపోతే చివర్లో ప్యానెల్ కూర్చోదు. కార్పెంటర్ ఒక పక్క చెక్కుతాడు, అప్పటికే వేసిన రెగ్జిన్ చిరుగుతుంది.

వీల్ ఆర్చ్ ఉబ్బుకు ప్లై వంచే ప్రయత్నం చేయకండి. ప్లై ఒక దిశలోనే వంగుతుంది, ఆ ఉబ్బు రెండు దిశల్లో ఉంటుంది. రేకు మీద 3 ఎంఎం ఫోమ్ అతికించి, రెగ్జిన్‌ను మూడు ముక్కలుగా కుట్టి తొడగాలి. కుట్టు దగ్గర పైపింగ్ (దారం పెట్టి కుట్టే గుండ్రటి అంచు) వేయిస్తే చిన్న వంకరలు కనబడవు.

రెగ్జిన్ 54 ఇంచుల వెడల్పు తానులో వస్తుంది. నాలుగు డోర్లకు రెండు మీటర్ల పైచిలుకు, సైడ్ ప్యానెళ్లు, డిక్కీ డోర్, వీల్ ఆర్చ్‌లకు మూడు, ముందు వెనుక సీట్లకు ఆరేడు. కొంచెం ఎక్కువే వేసుకుని మొత్తం 13 మీటర్లు ఒకే తానులోంచి, ఒకే రోజు కొనండి. తరువాత తెచ్చిన మీటరు అదే నంబర్ అయినా రంగులో తేడా ఉంటుంది. ఇంట్లో బల్బు కింద కనబడదు, ఎండలో పెడితే దొరికిపోతుంది. అసలు రంగు తెలియాలంటే డోర్ హ్యాండిల్ బిళ్ల కింద చూడండి, లేదా సీటు అడుగున మడతలో చూడండి. ఎండ తగలని చోట అది అలాగే ఉంటుంది. మీటరు దూరం నుంచి చూసి "ఇదేలే" అనిపించిన రంగు ఎప్పుడూ అసలు రంగు కాదు.

డోర్ ప్యాడ్ మీది నిలువు గీతలు ఫ్యాక్టరీలో వేడితో ముద్ర వేసినవి. ఆ యంత్రం వరంగల్‌లో వెతకకండి. 4 ఎంఎం ఫోమ్, వెనుక పల్చటి నూలుగుడ్డ పెట్టి మిషన్ కుట్టు వేయిస్తే అడుగు దూరం నుంచి తేడా తెలియదు. కార్ల సీటు కవర్లు కుట్టేవాళ్ల కన్నా ఆటో హుడ్లు కుట్టేవాళ్ల మిషన్ ఈ పనికి బలంగా ఉంటుంది. దారం పాలిస్టర్‌దే వాడమనండి. కుట్టు పొడవు 4–5 ఎంఎం ఉండాలి. నీట్‌గా వస్తుందని దగ్గర దగ్గర కుట్లు వేస్తే రెగ్జిన్ తపాలా బిళ్ల అంచులా తయారై అదే గీత మీద చిరుగుతుంది.

రూఫ్ లైనింగ్‌కు వద్దాం. మీ బండిది కడ్డీల మీద వేలాడే లైనింగ్. కొత్త కార్లకు వేసే ఫోమ్ గుడ్డ వేస్తామంటారు, అది తెచ్చి రేకుకు అంటిస్తామంటారు. వద్దు. మూసిన బండి లోపల మన మే నెల వేడికి ఆ ఫోమ్ పొడై రాలుతుంది, రెండు మూడేళ్లలో గుడ్డ తల మీదికి జారుతుంది. సన్న రంధ్రాల వినైల్ (ప్లాస్టిక్ పూత గుడ్డ) తీసుకోండి, నాలుగు మీటర్లు. పాతది తీసే ముందు ప్రతి కడ్డీకీ ముందు నుంచి వెనక్కి నంబర్ టేపు అంటించండి. కడ్డీల పొడవులు, వంపులు ఒక్కటి కావు. బాడీలో కడ్డీ కొస దూరే చోట ఒకటికి రెండు రంధ్రాలు ఉంటే ఏది వాడారో కూడా రాసుకోండి. లైనింగ్‌ను కత్తెరతో కోయొద్దు. బ్లేడుతో కుట్టు విప్పితే ముక్కలు అలాగే వస్తాయి, అవే కొత్తదానికి నమూనా. కడ్డీ దూరే గొట్టాలు వినైల్‌తో కుట్టకూడదు, పల్చటి కాటన్‌తో కుట్టాలి. లేకపోతే ప్రతి కడ్డీ దగ్గరా కింద గట్టు కనబడుతుంది.

బిగించే వరుస: లైనింగ్ మీద, రూఫ్ మీద మధ్య గీత సుద్దతో గీయాలి. నడిమి కడ్డీ నుంచి మొదలుపెట్టి ముందుకొకటి, వెనక్కొకటి నిలబెట్టాలి. తర్వాత ముందు అంచు, ఆపైన వెనుక అంచు అంటించి లాగాలి. చివరికి పక్కలు. పక్కలు ముందు లాగితే మధ్యలో పడ్డ ముడత పోదు. ముందు అంచు అద్దం రబ్బరు కిందికి పోవాలి కాబట్టి ముందు అద్దం తీసే ఉండాలి. కొత్త పెయింట్ మీద రబ్బరు తీసేటప్పుడు గీత పడకుండా చుట్టూ టేపు వేయించండి. వినైల్‌ను ఉదయం ఎండలో అరగంట పరిచి మెత్తబడ్డాక బిగిస్తే చల్లారాక తనే బిగుసుకుంటుంది. కానీ జిగురు పని మధ్యాహ్నం ఎండలో పెట్టుకోకండి. ఫెవికాల్ ఎస్ఆర్ 998 లాంటి రబ్బరు జిగురు రెండు వైపులా పూసి, చేతికి అంటకుండా జిగటగా అయ్యేదాకా పది పదిహేను నిమిషాలు ఆగి నొక్కాలి. మిట్ట మధ్యాహ్నం అది పైపైన ఆరిపోయి లోపల పట్టదు. ముసురు రోజుల్లో తేమ పట్టి తెల్లగా పొర కడుతుంది, అప్పుడూ పట్టదు. ఈ పనికి మంచి కాలం నవంబర్ నుంచి ఫిబ్రవరి.

లైనింగ్ అయ్యాక అద్దాలు, తర్వాత డోర్ల చుట్టూ బీడింగ్, తర్వాత సైడ్ ప్యానెళ్లు, డోర్ ప్యాడ్లు, చివరికి నేల, సీట్లు. సీట్లలో పాత స్ప్రింగులు బాగుంటే ఉంచండి. మీద గోనెపట్టా, కొబ్బరి పీచు పొర, దాని మీద 40 డెన్సిటీ ఫోమ్, వీపుకు 32 చాలు. స్ప్రింగులు తీసేసి మొత్తం ఫోమ్ దిమ్మ వేస్తే కూర్చునే ఎత్తు మారి స్టీరింగ్ తొడలకు తగులుతుంది. సామాన్ల జాగ నేలకు అసలు రబ్బరు మ్యాట్ దొరక్కపోతే గీతల రబ్బరు షీటు వేసి అంచుకు అల్యూమినియం పట్టీ కొట్టించండి. సామాను పెట్టినప్పుడు దాని మీద వరంగల్ కొత్తవాడ జంపఖానా ఒకటి పరిస్తే గీతలు పడవు, ఎగ్జిబిషన్‌లో మడిచి పక్కన పెట్టేయొచ్చు.

డిక్కీ డోర్ రబ్బరు మాత్రం ఊహించి కొనొద్దు. పాతదాంట్లోంచి రెండు ఇంచుల ముక్క కోసి రాణీగంజ్ పట్టుకెళ్లండి. చూడాల్సింది బయటి ఆకారం కాదు, రేకు అంచును పట్టే గాడి వెడల్పు. రబ్బరు లావైతే డోర్ బలంగా వేయాల్సి వస్తుంది, కొన్నాళ్లకు తాళం పట్టీ వంగుతుంది. సన్నమైతే వాన నీళ్లతో పాటు పొగ కూడా లోపలికొస్తుంది. పెట్టాక తలుపు అంచు చుట్టూ నోటు కాగితం అడ్డం పెట్టి మూసి లాగి చూడండి. ఎక్కడైనా సులువుగా జారితే అక్కడ సందు ఉన్నట్టే.

క్రోమ్ హ్యాండిళ్లు, పట్టీలు పూతకు ఇచ్చేటప్పుడు తెల్ల కాగితం మీద పరిచి ఫోటో తీసి, లెక్క రాసి సంతకం తీసుకోండి. చిన్న బిళ్లలు యాసిడ్ తొట్టెలో పడిపోతే తిరిగి రావు. గుంటలు పడ్డ పోత లోహాన్ని నునుపు చేయమంటే అంచులు కూడా అరిగిపోతాయి. బాగా గుంటలు పడ్డదానికి వేరేది వెతకడమే నయం.

రిజిస్ట్రేషన్ గురించి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన, సొంత వాడకపు బండ్లు వింటేజ్ కిందికి వస్తాయి. ఛాసిస్, బాడీ, ఇంజిన్ గణనీయంగా మార్చి ఉండకూడదు అన్నదే షరతు. సీట్లు, లైనింగ్, ప్యాడ్లు కొత్తవి వేయించడం దాని కిందికి రాదు. కానీ ప్యానెల్ పట్టడం కోసం బాడీ రేకు మాత్రం కోయించొద్దు. కొత్తగా 'వీఏ' సిరీస్‌లో రిజిస్టర్ చేయిస్తే రుసుము 20,000 రూపాయలు, పదేళ్లకు చెల్లుతుంది, తర్వాత రెన్యువల్‌కు 5,000. అయితే వింటేజ్ కింద నమోదైన బండిని రోజువారీగా తిప్పకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు, మరమ్మతులకు తీసుకెళ్లడానికే అనుమతి. ఆదివారం ఆదివారం కుటుంబంతో రామప్ప దాకా వెళ్లొద్దామన్నది మీ ఆలోచనైతే, పాత నంబర్ మీదే ఫిట్‌నెస్, రెన్యువల్ నడుస్తుందేమో ముందు ఆర్టీఏలో కనుక్కుని ఆ తర్వాత దరఖాస్తు పెట్టండి.